ఫంక్షనల్ మెడిసిన్, ఇంటిగ్రేటివ్ మెడిసిన్: ఎవరి దగ్గరికి, ఎప్పుడు, ఏం చూసుకుని వెళ్లాలి

విజయవాడ సూర్యారావుపేటలో ఎటు చూసినా ఆసుపత్రులే. వాటి మధ్య ఒక సందు మొదట్లో నా మందుల షాపు. నేను ఫార్మసిస్టుని. ఇదివరకు నా చేతికి వచ్చే చీటీలో నాలుగైదు మందులుండేవి. ఇప్పుడు కొందరి చీటీలు రెండు పేజీలు దాటుతున్నాయి. బీపీ, షుగర్ బిళ్లల కింద మెగ్నీషియం, ప్రొబయోటిక్, అశ్వగంధ, ఒమేగా 3, ఇంకా పేరు పలకడానికే ఇబ్బందిపడే క్యాప్సూళ్లు. చీటీ ఇస్తూనే అడుగుతారు: "అమ్మాయ్, మా కోడలు ఫంక్షనల్ మెడిసిన్ అంటోంది, మా అల్లుడేమో ఇంటిగ్రేటివ్ అంటున్నాడు. దేనికి వెళ్లమంటావు?"

వెనక ఇంకో పదిమంది నిలబడి ఉండగా దీనికి జవాబు చెప్పడం కుదరదు. అందుకే ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను. నా మాట ముందే చెప్పేస్తాను. బోర్డు మీద పేరు చూసి ఎంచుకోకండి. ఇప్పటిదాకా మిమ్మల్ని చూస్తున్న డాక్టరుకు తెలిసేలా వైద్యం చేస్తారా, మీరు వాడే ప్రతి మందునూ ఒకే కాగితం మీద పెట్టి చూస్తారా, ఈ రెండూ చూసి ఎంచుకోండి.

వీళ్లు అడిగేది ఒకటి, వాళ్లు అడిగేది ఇంకొకటి

ఫంక్షనల్ మెడిసిన్ అమెరికాలో మొదలైంది. జెఫ్రీ బ్లాండ్ అనే బయోకెమిస్టు, ఆయన భార్య సుసాన్ కలిసి 1991లో ఇన్‌స్టిట్యూట్ ఫర్ ఫంక్షనల్ మెడిసిన్ పెట్టారు. ఈ జబ్బు అసలు ఎందుకొచ్చిందన్నది వీళ్ల ప్రశ్న. మొదటిసారి వెళ్తే గంటకు పైగా కూర్చోబెడతారు. చిన్నప్పుడు ఎన్ని యాంటీబయాటిక్స్ వాడారు, ఏ ఉద్యోగంలో చేరాక నిద్ర చెడింది, రాత్రి భోజనం ఎన్నింటికి, కాన్పు తర్వాత ఒళ్లు ఎలా మారింది, అన్నీ వరసగా రాసుకుంటారు. తర్వాత టెస్టులు, ఆహారంలో మార్పులు, సప్లిమెంట్లు.

ఇంటిగ్రేటివ్ మెడిసిన్ దారి వేరు. అరిజోనా యూనివర్సిటీలో ఆండ్రూ వైల్ 1994లో దీనికి శిక్షణ మొదలుపెట్టారు. ఇక్కడ అసలు వైద్యం కదలదు. కీమో కీమోలాగే జరుగుతుంది, బీపీ బిళ్ల బీపీ బిళ్లలాగే పడుతుంది. దానికి తోడుగా యోగా, ఆక్యుపంక్చర్, ధ్యానం, మసాజ్, ఆయుర్వేదం లాంటి వాటిలో ఏది కలిపితే ఈ మనిషికి మేలు జరుగుతుందో చూస్తారు. మన దేశంలో ఢిల్లీ ఎయిమ్స్‌లోనూ బెంగళూరు నిమ్‌హాన్స్‌లోనూ దీనికి ప్రత్యేక విభాగాలున్నాయి.

కలిపి వాడటం మన ఇళ్లకు కొత్తేమీ కాదు. పొద్దున బీపీకి టెల్మిసార్టాన్ వేసుకుని, మధ్యాహ్నం హోమియో గుళికలు చప్పరించి, రాత్రి త్రిఫల చూర్ణం గోరువెచ్చని నీళ్లలో కలుపుకుని తాగే పెద్దవాళ్లు ప్రతి వీధిలోనూ ఉన్నారు. ఇబ్బందల్లా, ఈ సంగతి ఎవరికీ తెలియకపోవడమే. కార్డియాలజిస్టుకు చెబితే తిడతారని చెప్పరు, ఆయుర్వేద డాక్టరు అడగలేదని చెప్పరు. ఇంటిగ్రేటివ్ అనే మాటకు విలువ రావాలంటే ఆ దాపరికం పోవాలి. అది పోని చోట మూడు రకాల మందులు ఒకే పొట్టలో పడుతున్నాయంతే.

ఈ రెండు పేర్లూ ఒకే బోర్డు మీద రాసుకునే క్లినిక్కులూ ఉన్నాయి. అలాంటిచోట పేరు గురించి వాదించకుండా, ఫోన్లోనే అడగండి: "నా రెగ్యులర్ డాక్టర్ రాసిన మందుల గురించి మీరు ఆయనతో మాట్లాడతారా? ఏం మార్చారో కాగితం మీద రాసిస్తారా?" రాసివ్వం అంటే ఇక అక్కడికి వెళ్లాల్సిన పని లేదు.

ముందు మామూలు డాక్టరు దగ్గర తేలాల్సినవి

కొన్ని లక్షణాలకు ఈ రెండు దారులూ వద్దు. ఛాతీలో బిగపట్టినట్టుండటం, మూతి వంకరపోవడం, మాట తడబడటం, ఒక చెయ్యి పడిపోవడం వీటికి నేరుగా ఎమర్జెన్సీకే వెళ్లాలి. పక్షవాతంలో గడ్డ కరిగించే ఇంజెక్షన్ మొదటి నాలుగున్నర గంటల్లోపే పడాలి. కారణం లేకుండా బరువు తగ్గడం, మలంలో రక్తం, రొమ్ములో గడ్డ, వారాల తరబడి వదలని జ్వరం, ఇవి కనిపిస్తే డైట్ మార్చి చూద్దాం అనుకోవద్దు.

ఎక్కువమంది ఫంక్షనల్ క్లినిక్కుల వైపు చూసేది నీరసంతో. "అన్ని టెస్టులూ నార్మల్ అన్నారు, అయినా ఓపిక లేదు" అంటారు. రిపోర్టు తీసి చూస్తే అన్ని టెస్టులంటే రక్తంలో షుగరు, యూరిన్ మాత్రమే ఉంటాయి. నీరసానికి కంప్లీట్ బ్లడ్ పిక్చర్, ఫెర్రిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ), టీఎస్‌హెచ్ (థైరాయిడ్), హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు), క్రియాటినిన్ (కిడ్నీ), లివర్ ఫంక్షన్, బీ12, విటమిన్ డి చేయించారో లేదో చూసుకోండి. ఏ జనరల్ ఫిజీషియన్ అయినా రాస్తారు, పక్కనున్న ల్యాబ్‌లోనే చేస్తారు. ఏళ్లుగా షుగర్ బిళ్ల మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లలో బీ12 తగ్గొచ్చు. కాళ్లు తిమ్మిర్లు, మతిమరుపు, నీరసం దాంతోనే రావచ్చు. బహిష్టు ఎక్కువయ్యే ఆడవాళ్లలో హిమోగ్లోబిన్ బాగానే కనిపించినా ఫెర్రిటిన్ అడుగంటి ఉండొచ్చు. ఇక మగవాళ్ల విషయంలో నేను ముందు వాళ్ల ఆవిడను అడుగుతాను, గురక పెడతారా అని. పెద్దగా గురకపెట్టి, మధ్యలో ఊపిరి ఆగినట్టయి ఉలిక్కిపడి లేచేవాళ్లకు స్లీప్ అప్నియా ఉందేమో చూడాలి. ఏ సప్లిమెంటూ ఆ నిద్రను తిరిగి తేలేదు.

గోధుమ మానేయమని ఎవరో చెప్పారని వెంటనే మానేయకండి. గోధుమ పడని సీలియాక్ జబ్బు ఉందేమో తేల్చే రక్తపరీక్ష చేసేటప్పుడు గోధుమ తింటూ ఉండాలి. మానేశాక చేస్తే జబ్బు ఉన్నా లేనట్టే రావచ్చు.

ఏ బాధకు ఏ దారి

క్యాన్సర్, ఏళ్లనాటి నడుం నొప్పి, ఆందోళన, వీటికి నేను ఇంటిగ్రేటివ్ వైపే చూడమంటాను. తీరని నడుం నొప్పికి మందుల కంటే ముందు యోగా, ఆక్యుపంక్చర్, ధ్యానం, వ్యాయామం లాంటివి చూడమని అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2017లో మార్గదర్శకాలే ఇచ్చింది. రొమ్ము క్యాన్సర్ తర్వాత ఐదేళ్లు వాడే అరోమటేజ్ ఇన్‌హిబిటర్ బిళ్లలతో చాలామందికి కీళ్లు పట్టేస్తాయి. ఆ నొప్పులకు ఆక్యుపంక్చర్ సూచించవచ్చని క్యాన్సర్ డాక్టర్ల సంఘం ఆస్కో, సొసైటీ ఫర్ ఇంటిగ్రేటివ్ ఆంకాలజీ కలిసి 2022లో చెప్పాయి. నొప్పి భరించలేక బిళ్లే మానేసే ఆడవాళ్లను నేను చూస్తుంటాను కాబట్టి ఇది చిన్న విషయం కాదు. ఆ సూది వల్ల ఆ బిళ్ల కొనసాగితే ప్రాణం నిలిచినట్టే.

అసలు వైద్యాన్ని వదిలేసి వేరే దారి పట్టినవాళ్ల సంగతి అమెరికాలోని యేల్ యూనివర్సిటీ పరిశోధకులు 2018లో ప్రచురించారు. మామూలు చికిత్స తీసుకున్నవాళ్లతో పోలిస్తే ప్రత్యామ్నాయ వైద్యం ఒక్కటే నమ్ముకున్న క్యాన్సర్ రోగుల్లో మరణించే ముప్పు రెండున్నర రెట్లు కనిపించింది. రొమ్ము క్యాన్సర్‌లో అది ఐదు రెట్లు దాటింది. కాబట్టి "కీమో ఆపండి, మేం చూసుకుంటాం" అన్న మాట ఎక్కడ విన్నా లేచి వచ్చేయండి.

ఫంక్షనల్ మెడిసిన్‌తో మేలు కనిపించేది తిండి, నిద్ర, నడక మారితే లొంగే జబ్బుల్లో: ప్రీ డయాబెటిస్, ఫ్యాటీ లివర్, పీసీఓఎస్ (హార్మోన్ల తేడాతో ఆడవాళ్లకు నెలసరి తప్పే సమస్య), ఒబేసిటీ, కడుపు ఉబ్బరం, ఐబీఎస్ (తరచూ కడుపునొప్పి, విరేచనాలు లేదా మలబద్ధకం). అమెరికాలోని పెద్దాసుపత్రి క్లీవ్‌లాండ్ క్లినిక్ 2014లో తమ దగ్గర ఫంక్షనల్ మెడిసిన్ కేంద్రం తెరిచింది. అక్కడి రోగులను మామూలు ఫ్యామిలీ డాక్టర్ల రోగులతో పోల్చి 2019లో ఒక అధ్యయనం ప్రచురించింది. ఆరు నెలల దగ్గర ఫంక్షనల్ వైపు వాళ్లు తమ ఆరోగ్యం కాస్త ఎక్కువ మెరుగైందని చెప్పారు. అయితే వాళ్లు ఆ దారిని తామే ఎంచుకుని వచ్చినవాళ్లు. లాటరీ వేసినట్టు ఎవరిని ఎటు పంపాలో నిర్ణయించిన పరీక్ష కాదది. అంత పట్టుదలతో వచ్చినవాళ్లు తిండి మార్చుకోవడంలోనూ పట్టుదలగానే ఉంటారు.

నా మట్టుకు నాకు ఫంక్షనల్ మెడిసిన్‌లో బాగా నచ్చేది ఆ మొదటి గంట. ఐదు నిమిషాల ఓపీకి అలవాటుపడ్డ మనిషికి ఎవరో ఒకరు మొత్తం విన్నారన్న ధైర్యం వస్తుంది. నచ్చనిది ఆ గంట తర్వాత చేతికొచ్చే టెస్టుల జాబితా.

టెస్టుల జాబితా చేతికొచ్చినప్పుడు

డబ్బు కట్టేముందు ప్రతి టెస్టుకూ ఒకే ప్రశ్న వేయండి. "ఇది ఎక్కువొస్తే ఏం చేస్తారు? తక్కువొస్తే ఏం చేస్తారు?" రెండింటికీ జవాబు ఒకటే అయితే ఆ టెస్టు అక్కర్లేదు. హెచ్‌బీఏ1సీ 6 వస్తే ఒక దారి, 9 వస్తే ఇంకో దారి. కాబట్టి అది పనికొచ్చే టెస్టు. పేగుల్లోని సూక్ష్మజీవుల చిట్టా ఇరవై పేజీలు వచ్చినా చివరికి చెప్పేది కూరగాయలు, పీచు ఎక్కువ తినమనే అయితే ఆ మాట టెస్టు లేకుండానే చెప్పొచ్చు.

ఫుడ్ సెన్సిటివిటీ పేరుతో చేసే ఐజీజీ ప్యానెల్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. వంద, రెండు వందల రకాల తిండి పదార్థాలకు ఎరుపు, పసుపు, ఆకుపచ్చ రంగులు వేసి ఇస్తారు. ఐజీజీ యాంటీబాడీలు ఉన్నాయంటే ఆ పదార్థం మీరు తింటున్నారనే అర్థం, పడట్లేదని కాదు. యూరప్ అలర్జీ నిపుణుల సంఘం 2008లో, కెనడా సంఘం 2012లో ఈ టెస్టు వద్దని స్పష్టంగా చెప్పాయి. అయినా ఆ ఎర్రరంగు జాబితా పట్టుకుని బియ్యం, పెరుగు, కందిపప్పు, గుడ్డు అన్నీ మానేసి చిక్కిపోయినవాళ్లు వచ్చి, ప్రొటీన్ పౌడర్ ఏది మంచిదని అడుగుతుంటే బాధేస్తుంది.

అలాగే "అడ్రినల్ ఫెటీగ్" అని రాస్తే, అలాంటి జబ్బు ఉందనడానికి ఆధారం లేదని హార్మోన్ డాక్టర్ల సంఘం ఎండోక్రైన్ సొసైటీ చెప్పిందని గుర్తుపెట్టుకోండి. అడ్రినల్ గ్రంథి నిజంగా పాడైతే వచ్చేది అడిసన్స్ జబ్బు. అది ప్రాణాంతకం, దానికి ఎండోక్రినాలజిస్టును కలవాలి.

కడుపు ఉబ్బరానికి ఏది పడట్లేదో కనుక్కునే మంచి పద్ధతి ఉంది, దానికి ఖర్చు కూడా తక్కువే. ఆస్ట్రేలియాలోని మోనాష్ యూనివర్సిటీ వాళ్లు తయారుచేసిన లో ఫాడ్‌మ్యాప్ పద్ధతి అది, అంటే పొట్టలో పులిసి గాలి తెచ్చే కొన్ని పిండి పదార్థాల్ని కొన్నాళ్లు మానేసి చూడటం. మన వంటింట్లో దీన్ని ఇలా చేయొచ్చు. ఒక రెండు వారాలు తిన్నదీ తాగిందీ, ఏ వేళకు పొట్ట ఉబ్బిందో నోటుబుక్కులో రాయండి. తర్వాత నెల దాకా ఉల్లి, వెల్లుల్లి, గోధుమ, ఎక్కువ మోతాదు పప్పులు, పాలు పక్కన పెట్టండి. అన్నం, గుడ్డు, చేప, క్యారెట్, టమాటా, వంకాయ లాంటివి తినొచ్చు. తాలింపులో వెల్లుల్లి రుచి కావాలంటే రెబ్బలు నూనెలో వేయించి తీసిపారేయండి, ఇబ్బంది పెట్టే పదార్థం నూనెలోకి దిగదు. ఇంగువ కొంటే డబ్బా మీద చూడండి, కొన్నింట్లో గోధుమపిండి కలుపుతారు. పొట్ట కుదుటపడ్డాక ఒక్కొక్కటే తిరిగి తినిచూడాలి. ఈ చివరి మెట్టు చాలామంది ఎక్కరు. మానేసినవన్నీ జీవితాంతం మానేయడం ఈ పద్ధతి ఉద్దేశం కాదు. డైటీషియన్ పర్యవేక్షణలో చేస్తే ఇంకా మంచిది. షుగర్ మందులు వాడేవాళ్లు, గర్భిణులు సొంతంగా మొదలుపెట్టకూడదు.

ఒకే కాగితం

ఇది నా పని, కాబట్టి ఇక్కడ కాస్త నిదానిస్తాను.

మా వీధిలో ఉండే ఒక అక్క ఈమధ్య సంచి తెచ్చి కౌంటర్ మీద బోర్లించింది. థైరాక్సిన్ సీసా, క్యాల్షియం స్ట్రిప్పు, ఐరన్ సిరప్, జుట్టు కోసం బయోటిన్ బిళ్లలు, పసుపు క్యాప్సూళ్ల డబ్బా, ఊళ్లో ఎవరో ఇచ్చిన చూర్ణం పొట్లం. "వేళ తప్పకుండా పొద్దున్నే అన్నీ వేసేసుకుంటాను తల్లీ, అయినా థైరాయిడ్ రిపోర్టు ఒకసారి అటు, ఒకసారి ఇటు వస్తోంది" అంది. క్రమం తప్పని మనిషి ఆవిడ. చిక్కంతా అన్నీ ఒకేసారి వేసుకోవడంలోనే ఉంది.

థైరాక్సిన్ పరగడుపున నీళ్లతో వేసుకుని, అరగంట నుంచి గంట ఆగి కాఫీ, టిఫిను. క్యాల్షియం, ఐరన్ దానికి నాలుగు గంటల దూరంలో ఉండాలి, లేకపోతే థైరాక్సిన్ ఒంటికి పట్టదు. ఇక బయోటిన్. రోజుకు మనకు కావాల్సింది 30, 40 మైక్రోగ్రాములు. జుట్టు బిళ్లల్లో 5,000, 10,000 మైక్రోగ్రాములుంటాయి. అంత ఉంటే కొన్ని ల్యాబ్ పద్ధతుల్లో టీఎస్‌హెచ్ ఉన్నదానికంటే తక్కువగా, థైరాయిడ్ హార్మోన్ టీ4 ఎక్కువగా కనిపిస్తాయి. అది చూసి డాక్టరు థైరాక్సిన్ తగ్గిస్తే మనిషి మళ్లీ నీరసపడుతుంది. గుండెపోటు తేల్చే ట్రోపోనిన్ టెస్టు కూడా ఇలాగే తప్పు చూపించవచ్చని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2017లో హెచ్చరించింది. థైరాయిడ్ టెస్టుకు కనీసం రెండు రోజుల ముందు బయోటిన్ ఆపి, ఆ సంగతి ల్యాబ్‌లో చెప్పాలి. అక్క చేత ఇదంతా క్యాలెండర్ వెనక రాయించాను.

మీరూ కాగితం తయారుచేయండి. ఒక తెల్ల కాగితం మీద నిలువుగా గళ్లు గీసి మందు పేరు, ఎన్ని మిల్లీగ్రాములు, ఏ వేళకు, ఎవరు రాశారు, దేనికోసం, ఎప్పటి నుంచి అని రాయండి. కషాయం, చూర్ణం, లేహ్యం, హోమియో, ప్రొటీన్ పౌడర్, నొప్పుల నూనె, తీర్థంలా తాగే రసాలు అన్నీ రాయాలి. "అది మందు కాదులే" అని వదిలేసిందే ఎక్కువసార్లు తగువు పెడుతుంది. దేనికోసం అన్న గడిలో రాయడానికి ఏమీ తోచకపోతే ఆ మందు గురించి డాక్టరును ముందు అడగండి.

కాగితం నా దగ్గరికి వస్తే నా కళ్లు ముందు వెతికేవి కొన్ని చెబుతాను. యాసిట్రామ్, వార్ఫరిన్ లాంటి రక్తం పల్చబడే మందులుంటే వెల్లుల్లి, పసుపు, జింకో క్యాప్సూళ్లు వద్దు, ఆకుకూరలు రోజూ ఇంచుమించు ఒకే మోతాదులో తినాలి. టెల్మిసార్టాన్, రామిప్రిల్ వాడుతూ కిడ్నీ కొంచెం బలహీనంగా ఉన్నవాళ్లు లో సోడియం ఉప్పు వాడకూడదు, అందులో పొటాషియం ఉంటుంది. అతిమధురం ఎక్కువ రోజులు తింటే బీపీ పెరుగుతుంది, పొటాషియం పడిపోతుంది. కాకర రసం, మెంతి క్యాప్సూళ్లు గ్లిమిపిరైడ్ లాంటి షుగర్ బిళ్లలతో కలిస్తే షుగర్ మరీ పడిపోవచ్చు. విటమిన్ డి 60,000 యూనిట్లది సాధారణంగా వారానికి ఒకటి. రోజూ వేసుకుంటే రక్తంలో క్యాల్షియం పెరిగి వాంతులు, కిడ్నీ దెబ్బ.

పసుపు విషయంలో చాలామంది నాతో వాదిస్తారు. కూరలో వేసే పసుపు గురించి నేనేమీ అనట్లేదు. మిరియాల సారం కలిపి ఒంట్లోకి ఎక్కువ ఇంకేలా చేసిన కర్క్యుమిన్ క్యాప్సూళ్లతో లివర్ దెబ్బతిన్న కేసులు నమోదయ్యాయి. అశ్వగంధతోనూ ఉన్నాయి. తిప్పతీగ కషాయాలు విపరీతంగా తాగిన కోవిడ్ రోజుల్లో, 2021లో, ముంబై లివర్ డాక్టర్లు అలాంటి కేసులు ప్రచురించారు. ఆయుష్ మంత్రిత్వ శాఖ ఆ నిర్ధారణను ఒప్పుకోలేదు. ఎవరి వాదన ఎలా ఉన్నా, లివర్ జబ్బున్నవాళ్లు ఈ మూడూ డాక్టరును అడగకుండా వాడొద్దు.

షుగర్ మందులు ఆపేస్తామంటే

ఈమధ్య ఫంక్షనల్ పేరుతో ఎక్కువగా అమ్ముడయ్యేది "డయాబెటిస్ రివర్సల్". ఇందులో నిజం లేకపోలేదు. బ్రిటన్‌లో డైరెక్ట్ అనే ట్రయల్‌లో, షుగర్ వచ్చి ఆరేళ్లు దాటని, ఇన్సులిన్ వాడని, అధిక బరువున్నవాళ్లకు రోజుకు సుమారు 850 క్యాలరీల ఆహారంతో బరువు తగ్గించారు. ఏడాదికి 46 శాతం మందికి మందులు లేకుండానే షుగర్ అదుపులోకి వచ్చింది. రెండో ఏడాదికి అది 36 శాతానికి తగ్గింది. పనిచేసింది బరువు తగ్గడం, అదీ డాక్టర్ల కనుసన్నల్లో.

కాబట్టి చేరొచ్చు, కానీ చేరేముందు మీ చీటీలో రెండు రకాల మందులున్నాయేమో చూసుకోండి. పేరు చివర గ్లిఫ్లోజిన్ అని ఉండేవి ఒకటి: డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్. ఇవి వాడుతూ అన్నం, పిండి పదార్థాలు ఒక్కసారిగా మానేస్తే రక్తం ఆమ్లంగా మారే కీటోఅసిడోసిస్ రావచ్చు. దీని తంటా ఏమిటంటే షుగర్ రీడింగ్ 180, 200 మాత్రమే ఉండొచ్చు. గ్లూకోమీటర్ చూసి బాగానే ఉందనుకుంటారు, మనిషికేమో వాంతులు, కడుపునొప్పి, ఆయాసం. రెండో రకం గ్లిమిపిరైడ్, గ్లిక్లజైడ్. తిండి తగ్గించి వీటి డోసు తగ్గించకపోతే షుగర్ పడిపోయి కళ్లు తిరుగుతాయి. డైట్ మొదలయ్యే రోజుకే వీటి డోసులు ఏం చెయ్యాలో డాక్టరు రాసి ఇవ్వాలి. టైప్ 1 షుగర్ ఉన్నవాళ్లకు ఇన్సులిన్ ఆపడమన్న మాటే లేదు, పిల్లలకైతే మరీనూ.

డిగ్రీ, లైసెన్సు, లేబుల్

ఫంక్షనల్ మెడిసిన్‌గానీ ఇంటిగ్రేటివ్ మెడిసిన్‌గానీ మన దేశంలో కార్డియాలజీ, నెఫ్రాలజీ లాగా ఎండీ, డీఎం స్పెషాలిటీలు కావు. ఆన్‌లైన్ సర్టిఫికెట్ ఉన్న హెల్త్ కోచ్ కూడా ఈ పేరు పెట్టుకోవచ్చు. అందుకే పేరు తర్వాత ఏముందో చూడండి. ఎంబీబీఎస్ ఉంటే రాష్ట్ర మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు చీటీ మీద ఉండి తీరాలి. ఆయుర్వేదానికి బీఏఎంఎస్, హోమియోకు బీహెచ్ఎంఎస్, ప్రకృతి చికిత్సకు బీఎన్‌వైఎస్. హైదరాబాద్ ఎర్రగడ్డలో ఆయుర్వేద, యునానీ ప్రభుత్వ ఆసుపత్రులున్నాయి, అమీర్‌పేటలో ప్రభుత్వ ప్రకృతి చికిత్సాలయం ఉంది. తోడు వైద్యం కావాలనుకునేవాళ్లు ముందు అలాంటిచోట చూపించుకుంటే ఖర్చు తక్కువ, రికార్డు ఉంటుంది.

షుగర్, బీపీ, క్యాన్సర్ పూర్తిగా నయం చేస్తామన్న ప్రకటన కనిపిస్తే, అలాంటి ప్రకటనలను అడ్డుకోవడానికే 1954 నుంచి మన దేశంలో చట్టం ఉందని గుర్తుంచుకోండి. సప్లిమెంటు డబ్బా మీద ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఇచ్చే 14 అంకెల నంబరు ఉండాలి. మందుగా వాడేది కాదని ఇంగ్లిషులో స్పష్టంగా రాసి ఉండాలి. ఆయుర్వేద మందు మీద తయారీ లైసెన్సు నంబరు, బ్యాచ్, గడువు తేదీ ఉండాలి. పేరులో రస, భస్మ అని ఉన్నవి, అంటే లోహాలు, ఖనిజాలతో చేసినవి, డిగ్రీ ఉన్న వైద్యుడు రాస్తే తప్ప వాడొద్దు. ఇంటర్నెట్‌లో అమ్మే 193 ఆయుర్వేద ఉత్పత్తుల్ని కొని పరీక్షించిన ఒక అమెరికా అధ్యయనం 2008లో వచ్చింది. అందులో ఐదింట ఒక వంతు ఉత్పత్తుల్లో సీసం, పాదరసం లేదా ఆర్సెనిక్ కనిపించాయి.

క్లినిక్ వాళ్లే టెస్టు రాసి, వాళ్లే సప్లిమెంటు అమ్ముతుంటే అదే మందు బయట దొరుకుతుందా అని అడగండి. దొరకదు, మా దగ్గరే కొనాలి అంటే ఆ చీటీని ఇంకో డాక్టరుకు చూపించండి. నేను మందులు అమ్ముకునే మనిషినే, అయినా ఈ మాట చెబుతాను.

ఎన్నాళ్లు చూడాలి, ఎప్పుడు ఆపాలి

మొదటి రోజే డాక్టరుతో కూర్చుని ఏది మారాలో, ఎన్నాళ్లలో మారాలో రాసుకోండి. హెచ్‌బీఏ1సీకి మూడు నెలలు, థైరాక్సిన్ డోసు మార్చాక టీఎస్‌హెచ్‌కు ఆరు నుంచి ఎనిమిది వారాలు. నొప్పికైతే పదికి ఎంత అని వారానికోసారి అంకె వేసుకోవాలి. కొత్త సప్లిమెంట్లు ఒకేసారి ఆరు మొదలుపెట్టొద్దు. ఒకటి మొదలుపెట్టి రెండు మూడు వారాలు చూసి ఇంకొకటి. అన్నీ కలిపి వేస్తే ఏది పనిచేసిందో, దేనివల్ల దద్దుర్లు వచ్చాయో ఎవరూ చెప్పలేరు. పెట్టుకున్న గడువుకు మార్పు లేకపోతే ఆ సప్లిమెంటు ఆపేయమని అడగడానికి మొహమాటపడొద్దు.

ఆపడంలోనూ పద్ధతుంది. ఫిట్స్ మందులు, మెటోప్రొలాల్ లాంటి బీటా బ్లాకర్లు, డిప్రెషన్ మందులు, స్టెరాయిడ్లు ఎవరు చెప్పినా ఉన్నపళంగా ఆపకూడదు, మెల్లగా తగ్గించాలి. లేబుల్ లేని పొడి వాడిన రెండు మూడు రోజులకే ఏళ్లనాటి కీళ్లనొప్పి మాయమై, ఆకలి పెరిగి, కొన్ని వారాలకు ముఖం గుండ్రంగా ఉబ్బిందంటే అందులో స్టెరాయిడ్ కలిపారేమోనని అనుమానించాలి. అలాంటప్పుడు భయపడి సొంతంగా ఆపేస్తే బీపీ పడిపోయి ప్రమాదం. పొట్లంతో సహా డాక్టరు దగ్గరికి వెళ్లండి, ఆయనే తగ్గించుకుంటూ వస్తారు.

కళ్లు పచ్చబడినా, మూత్రం టీ డికాక్షన్ రంగులో వస్తున్నా, ఒళ్లంతా దురదతో పాటు అన్నం సయించకపోయినా కొత్తగా మొదలుపెట్టిన కషాయాలు, క్యాప్సూళ్లు ఆ పూటే ఆపి, అదే రోజు డాక్టరును కలిసి లివర్ ఫంక్షన్ టెస్టు చేయించుకోండి. వెళ్లేటప్పుడు డబ్బాలన్నీ సంచిలో వేసుకోండి, ఖాళీవైనా సరే. బ్యాచ్ నంబరు వాటి మీదే ఉంటుంది.